ఇంటి ఖాతా, ఒంటి ఖాతా

1537లో కెంపేగౌడ ఈ పేటను కట్టించెననియు, ఆయన పేరనే గంగాగౌరీ విలాసమను తెలుగు యక్షగానము కలదనియు మనము పిల్లలకు గర్వముతో చెప్పుచుందుము. చిక్కపేట అంగళ్లలో చీర అంచును వ్రేళ్లతో తడవి, అది ధర్మవరపు మగ్గముదో, మొలకాల్మూరుదో, కంచిదో చెప్పగల పెద్దలు మనలో నున్నారు. ఖాతా పుస్తకమునకు పసుపు కుంకుమ లద్దనిదే కొత్త లెక్క మొదలు పెట్టని వర్తకులు మనవారు. లెక్కయందు ఇంత శ్రద్ధ గల మనము ఇంటివారి వ్యాధుల లెక్కను మాత్రము ఏ పుటయందును వ్రాసికొనము. తాతగారు దేనివలన పోయిరని అడిగినచో “కడుపునొప్పితో” అను ఒక్క మాటతో ఆ ప్రసంగము ముగియును. పెద్దప్రేవు కాన్సరును గురించి వ్రాయుటకు మేము పూనుకొన్నది ఈ మౌనమును తలచియే.

మన ప్రేవుల లోపలి పొర కొలది దినములకే అరిగి కొత్తది పుట్టుచుండును. కణము రెండైన ప్రతిసారియు దానిలోని జన్యువుల ఖాతా మొత్తము తిరిగి నకలు వ్రాయబడవలెను. ఆ ఖాతాలో కణమును పెరుగుమని ప్రోత్సహించు జన్యువులు కొన్ని, చాలును ఆగుమని అదుపు చేయు జన్యువులు కొన్ని. ఈ రెండవ తెగవానికే కణితి నిరోధక జన్యువులని పేరు. ఇవి మనకు జంటలుగా సంక్రమించును. ఒకటి తల్లి వలన, ఒకటి తండ్రి వలన. ఇనుప పెట్టెకు రెండు తాళములు వేసినట్లే గదా! ఒకటి చెడినను రెండవది పెట్టెను కాపాడును. రెండును చెడిననే దొంగకు దారి దొరకును.

ఈ రహస్యమును 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అను వైద్యుడు పసిపిల్లల కంటి కాన్సరును పరిశీలించి ఊహించెను. ఒక తాళము పుట్టుకతోనే చెడియున్న పిల్లలకు వ్యాధి త్వరగా, తరచుగా రెండు కన్నులకును వచ్చును. అట్లు కానివారికి రెండు తాళములును ఒకే కణములో తరువాత చెడవలెను గావున ఆలస్యముగా, ఒక కంటికే వచ్చును. పెద్దప్రేవు విషయమునను ఈ మాటయే నిలిచినది. 1991లో అయిదవ క్రోమోజోముపై ఎ.పి.సి. అను జన్యువును కనుగొనిరి. కణము పెరుగుదలను పురికొల్పు బీటా కాటెనిన్ అను పదార్థమును ఎప్పటికప్పుడు నశింపజేయుటలో దీనికి ముఖ్యపాత్ర గలదు. దీని రెండు ప్రతులును చెడినప్పుడు ఆ పదార్థము పేరుకొని, ప్రేవు గోడపై చిన్న బుడిపె లేచును. దానినే పాలిప్ అందురు. ఒక ప్రతి పుట్టుకతోనే చెడినవారికి యౌవనముననే వందలు, ఒక్కొక్కప్పుడు వేలు బుడిపెలు లేచును.

తాళము చెడుటకు మార్గ మొక్కటియే కాదు. నకలులో ఒక్క అక్షరము తారుమారై వాక్యము నడుమనే తెగిపోవచ్చును. పుటయే చిరిగిపోయినట్లు క్రోమోజోము ముక్క ఊడిపోవచ్చును. పదునేడవ క్రోమోజోముపైని పి53 జన్యువు విషయమున తరచుగా జరుగునది ఈ రెండును కలిసియే, ఒక ప్రతిలో అక్షరదోషము, రెండవ ప్రతి మాయము. పదునెనిమిదవ దానిపైని స్మాడ్4 జన్యువును ఇట్లే పోవును. మూడవ మార్గము మిక్కిలి విచిత్రమైనది. అక్షర మొక్కటియు చెడదు. కాని జన్యువు మొదట మిథైల్ అను చిన్న రసాయన గుంపులు అంటుకొని, పుటలు జిగురుతో అతికినట్లు దానిని చదువ వీలుకాకుండ చేయును. నకలులోని తప్పులను దిద్దు గుమాస్తా వంటి ఎం.ఎల్.హెచ్.1 జన్యువు అనేకుల కణితులలో ఈ విధముననే మూగవోవును. గుమాస్తా నిద్రించినచో ఖాతా అంతయు తప్పుల తడక కాక మానునా?

ఈ గుమాస్తా జన్యువుల లోపము వంశములలోను దిగివచ్చుట కలదు. 1895లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఒక కుట్టుపనిచేయు స్త్రీ తన వంశములో అనేకులు ప్రేవుల కాన్సరుతోను, గర్భాశయ కాన్సరుతోను పోయిరనియు, తానును అట్లే పోవుదుననియు ఆల్‌డ్రెడ్ వార్తిన్ అను ఆచార్యునితో చెప్పెను. ఆమె మాట నిజమైనది. ఆయన ఆ వంశవృక్షమును వ్రాసి 1913లో ప్రకటించెను. దానికి మూలమైన ఎం.ఎస్.హెచ్.2 జన్యులోపము 2000 సంవత్సరమున తేలినది. దీనినే నేడు లించ్ వ్యాధి యందురు. ఈ లోపము గలవారి ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశ ముండును. సూదిదారములతో బ్రతికిన ఆ తల్లి తన ఇంటివారి మరణములను దాచక చెప్పినందువలననే ఇంత విద్య వెలికి వచ్చినది.

మనకు మేనరికములు ఆచారము. దానిని నిందించుట మా అభిమతము కాదు. ఐనను మ్యూటివైహెచ్ అను మఱియొక దిద్దుబాటు జన్యువు లోపము తల్లి, తండ్రి ఇరువురి నుండియు వచ్చిననే వ్యాధి కలిగించును, అప్పుడు ఎ.పి.సి.లో తప్పులు పెరిగి బుడిపెలు లేచును. ఇది అరుదే కాని, రక్తసంబంధుల వివాహములలో ఇట్టి జంట లోపములకు అవకాశము హెచ్చు.

ఈ యుద్ధమున మనవారి పాలును కలదు. 1895లోనే భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము ప్రయోగశాలలో తయారైనది. ఆ కుటుంబమునకే చెందిన ల్యూకోవోరిన్ అను మందును నేటికిని ప్రేవుల కాన్సరు చికిత్సలో ఫ్లూరోయురాసిల్‌తో చేర్చి ఇచ్చుచున్నారు. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్ ప్రింటింగ్ కేంద్రము వారు 2014లో ప్రకటించిన పరిశోధనలో, మన దేశమున చిన్న వయసుననే ఈ కాన్సరు వచ్చినవారిలో పలువురికి పైని చెప్పిన ప్రసిద్ధ మార్గములు కానరాలేదు. పాశ్చాత్యుల పుస్తకము మన ఇంటికి పూర్తిగా సరిపోదన్నమాట. కావున మన ఇంటి లెక్క మనమే వ్రాసికొనవలెను.

బుడిపె కాన్సరుగా మారుటకు సాధారణముగా పది సంవత్సరములైనను పట్టును. ఆ వ్యవధిలో కొలనోస్కోపీ చేసి దానిని తీసివేసినచో ముప్పు తప్పును. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చియున్నచో, నలువదవ యేటనో, వారికి వ్యాధి తెలిసిన వయసునకు పదేండ్లు ముందుగానో, ఏది ముందైన అప్పుడు పరీక్ష చేయించుకొనుమని వైద్యులు చెప్పుదురు. విరేచనమున రక్తము కనబడినచో మొలలే యని సరిపెట్టుకొనరాదు. మన నగరముననే 1973లో వెలసిన కిద్వాయి స్మారక సంస్థ కలదు.

పెండ్లి సంబంధములు చెడునన్న భయమున ఇంటి వ్యాధిని దాచుట మనలో వాడుక. ఆ దాపరికము వలన ఒక సంబంధము నిలువవచ్చును; దానితో పాటు మేనల్లునికో మనుమరాలికో అందవలసిన హెచ్చరిక అందక పోవును. వచ్చు ఉగాదికి అంగడి ఖాతా తెరచునప్పుడు, దాని ప్రక్కన మఱియొక చిన్న పుస్తకమును ఉంచుడు. మూడు తరములవారి పేర్లు, ఏ వ్యాధి, ఏ వయసున అని వ్రాయుడు. పసుపు కుంకుమలు దానికిని అద్దుడు. మన సంఘమున ప్రతి ఇంటను అట్టి పుస్తక మొకటి నిలిచినచో, ఈ వ్యాసము వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.