ఈరీ తీరపు లేఖలు

పోర్ట్ క్లింటన్, జూన్

తమ్మునికి,

ఇచ్చటి వీధిదీపముల క్రింద రాత్రి రాలిపడిన రెక్కలపురుగులను ఉదయము పారలతో ఎత్తి పోయుచున్నారు. మేఫ్లై అనునది పుస్తకములలోని పేరు. ఈరీ సరస్సు ఆవలిగట్టు కెనడాదే గనుక ఈ ఒడ్డువారు ‘కెనేడియన్ సోల్జర్స్’ అందురు. గోడలు, కార్ల అద్దములు, నడచువారి చొక్కాలు, అంతటను అవియే. వంతెనలపై నలిగిన కళేబరములకు చక్రములు జారుచుండగా, మంచు త్రోయు బండ్లను నడివేసవిలో బయటికి తీసిన సందర్భములును కలవట. ఒకటి నా ముంజేతిపై వ్రాలినది: ఈనెలు తేలిన పలుచని రెక్కలు, వెనుక రెండు పొడుగు తోకలు, తినుటకు పనికివచ్చు నోరు మాత్రము లేదు. ఒకటి రెండు దినములలో జతగూడి, నీటిపై గ్రుడ్లు విడిచి చచ్చును. దాని అసలు బ్రతుకంతయు అంతకుముందే సరస్సు అడుగుబురదలో గడచిపోయినది. హోటలు యజమానురాలు చీపురు చేతబట్టి విసుగుకొనుచునే, ఇవి వచ్చిన ఏడు సరస్సు బాగున్నట్లే యనెను. ఆ మాట అంతు చూడవలెనని రేపు పుట్-ఇన్-బే ఉన్న దీవికి పోవుచున్నాను.

పుట్-ఇన్-బే

ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయమువారు 1895లో స్థాపించిన స్టోన్ లేబరేటరీ విద్యార్థులు నన్నును తమ పడవలో ఎక్కించుకొనిరి. త్రాటికొసనున్న ఇనుపపెట్టె అడుగు తాకి, మూసికొని, దోసెడు బురదతో పైకి వచ్చును. దానిని జల్లెడలో పోసి నీరు కొట్టగా, అంగుళము పొడవు గల లేతపసుపు పిల్లపురుగులు నాలుగైదు మిగిలి కదలాడినవి. వాని ప్రక్కలనున్న కుచ్చుల మొప్పలు క్షణమైనను ఆగక ఊగుచుండును. బురదలో రెండు ద్వారముల సొరంగము త్రవ్వుకొని, ఆ ఊపుతోనే పైనీటిని లోనికి లాగికొని అవి శ్వాసించును. ఆ నీటిలో ప్రాణవాయువు కొరవడినచో చేపయైన తప్పించుకొని పోవును గాని వీనికి ఆ వీలు లేదు.

సరస్సు యొక్క ఈ పశ్చిమభాగము సగటున ఏడు మీటర్ల చిల్లర లోతుదే. గాలి వీచినంతకాలము నీరు అడుగుదాక కలియుచుండును. 1953 వేసవి చివర ఎండ మండి, గాలి స్తంభించి, వేడినీరు పైన, చల్లనినీరు క్రింద పొరలై విడిపోయినవి. భీమవరములో చెరువులు చేయు నీకు, ఏరియేటర్లు ఆగిన రాత్రి తెల్లవారుజామునకు డీవో, అనగా నీటిలో కరిగిన ప్రాణవాయువు, ఎంతకు పడునో నేను చెప్పవలెనా? పట్టణముల మురుగును, పొలముల భాస్వరమును మేసి బలిసిన నాచు అడుగున కుళ్లి, ఉన్న ప్రాణవాయువును హరించినది. సెప్టెంబరులో విల్సన్ బ్రిట్ అను శాస్త్రజ్ఞుడు బురద తీయించి చూడగా, చదరపు మీటరుకు వందలకొలదిగా నుండవలసిన పురుగులు చచ్చి పడియుండెను. మరుసటియేట కొంత తేరుకొన్నను ఆ తేరుకొనుట నిలువలేదు. 1961 నాటికి, 1930 నాటి సంఖ్యలో నూటికి ఒకపాలైనను మిగులలేదు.

అయినను బురద శూన్యము కాలేదు. నన్ను ఆలోచింపజేసినది అదియే. తల బురదలో గ్రుచ్చి తోక నీటిలో ఆడించు ఎఱ్ఱని సన్నపురుగులు ఆ ముప్పదియేండ్లలో తొమ్మిదిరెట్లైనవి. హీమోగ్లోబిన్ ఉన్నందున అవి అరకొర ప్రాణవాయువుతో సరిపెట్టుకొనగలవు. అడుగున ప్రాణులెన్ని అని లెక్కించువానికి ఏ లోటును కనబడదు. ఎవరు పోయి ఎవరు వచ్చిరని అడిగినవానికే రోగము తెలియును.

టోలెడో

1972లో అమెరికా, కెనడాలు ఒడంబడిక చేసికొని భాస్వరమునకు అడ్డుకట్ట వేయ మొదలిడినవి. అయినను మేఫ్లై 1990ల మొదట గాని తిరిగి రాలేదు. అంతకు కొంచెము ముందే, దూరదేశపు ఓడల అడుగునీటితోబాటు జీబ్రా మసెల్ అను వ్రేలిగోరంత ఆల్చిప్ప దిగి, దేశవాళీ ఆల్చిప్పలపై గుత్తులుగా అంటుకొని వానిని మాపినది. కావున మేఫ్లై తిరిగి వచ్చిన అడుగు, అది విడిచిపోయిన అడుగు కాదు. సరస్సు కోలుకొన్నదని మురియుట నాకు తొందరపాటుగానే తోచును.

2014 ఆగస్టులో నాచువిషము చేరి, ఈ ఊరి చుట్టుప్రక్కల నాలుగు లక్షల పైచిలుకు జనులు మూడునాళ్లు కుళాయినీరు ముట్టలేదు. మేఫ్లై గుంపులు లేచిన రాత్రి వాతావరణ రాడారుతెరపై సైతము కనబడును. ఆ రాడారు లెక్కలు తీసినవారు, 2015, 2019ల నడుమ పశ్చిమభాగమున అవి ఎనుబది శాతమునకు మించి తగ్గినవని 2020లో ప్రకటించిరి. పోర్ట్ క్లింటన్‌లో పారలకెత్తిన ఆ కుప్పలు నేను చూచినవి గనుక, ఆ అంకె మొదట నమ్మబుద్ధి కాలేదు. కాని కుప్ప చూచి గాదె కొలువరాదని నీకును తెలియును.

ఎల్లుండి క్లీవ్‌లాండ్ పోవుచున్నాను. అచ్చటి మధ్యభాగము మరింత లోతు. వేసవి ముదిరినకొలది అడుగుపొరలో ప్రాణవాయువు ఏటేట క్షీణించుచు, ఎఱ్ఱపురుగులదే రాజ్యమట. మీ చెరువుల అడుగుమట్టి నల్లబడినదని మొన్న వ్రాసితివి. నీరు మార్చుటకు ముందు దోసెడు మట్టి జల్లించి, అందేమి బ్రతికియున్నదో నాకు వ్రాయుము.

ఇట్లు,
అన్న