పంచాంగాన్ని తిరగేసి చదివితే

జనం లేని చోటేదైనా ఉంటే చెప్పమని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నిజానికి వాళ్లు అడగవలసింది చోటు గురించి కాదు, రోజు గురించి. పెబ్బేరు చుట్టుపక్కల చూస్తే ఈ సంగతి ఇట్టే తేలిపోతుంది. హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదుంది ఈ ఊరు. ఊరు దాటుకుంటూ పోతే కృష్ణా నది. రంగాపూర్ ఘాట్, అవతలి ఒడ్డున బీచుపల్లి, ఎగువన జూరాల, ఇటు శ్రీరంగాపూర్, కాస్త ఓపిక చేసుకుంటే సోమశిల. అన్నీ పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరగలిగినవే. ఇందులో ఎవరికీ తెలియని చోటు ఒక్కటీ లేదు. అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు వీటి దగ్గర జనం పలచగానే ఉంటారు. కొన్ని రోజుల్లో మాత్రం కాలు పెట్టే సందుండదు. ఆ కొన్ని రోజులు ఏవన్నది మన ఇంటి గోడకు వేలాడే క్యాలెండర్‌లో ముందే అచ్చయి ఉంటుంది. అందుకే కొత్త చోట్ల కోసం వెతకడం వృథా శ్రమ అంటాను. అంతేకాదు, అది చెరుపు కూడా. నిన్నటిదాకా మేకల కాపరికి మాత్రమే తెలిసిన వాగు ఒడ్డు ఫోన్లలోకి ఎక్కిన నెలకే సీసా పెంకులతో నిండుతుంది.

మనవాళ్లు పంచాంగం చూసేది మంచి రోజు కోసం. తీరికగా ఏరు చూడాలనుకునేవాడు దాన్ని తిరగేసి చదవాలి. అందరికీ మంచిదైన రోజు అతనికి చెడ్డ రోజు. శ్రావణంలో పెళ్లిళ్లు, కార్తీకంలో సోమవారాలూ వనభోజనాలూ, మాఘంలో శివరాత్రి, చైత్ర పౌర్ణమికి హనుమజ్జయంతి. ఇవి వదిలేస్తే మూఢం ఉంది, ఆషాఢం ఉంది, సంక్రాంతి దాటాక పుష్యం మిగిలినన్ని రోజులున్నాయి. శుభకార్యాలకు పనికిరావని పక్కన పెట్టిన రోజులవి. శ్రీరంగాపూర్‌లో వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయక స్వామి గుడి రంగసముద్రం ఒడ్డునే ఉంటుంది. ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో అక్కడ కనిపించేది మనుషులే. పుష్యంలో మామూలు బుధవారం నాడు పొద్దున్నే వెళ్తే చెరువూ, నీళ్లలో గోపురం నీడా కనిపిస్తాయి. తిథులతో పాటు వారం కూడా చూసుకోవాలి. ఈ ప్రాంతానికి ఆదివారం కన్నా శనివారం బరువైనది. బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కులు తీర్చుకునే రోజూ అదే, పెబ్బేరు సంత రోజూ అదే. ఎడ్లను, మేకలను ఎక్కించుకొచ్చే బండ్లతో ఊరు కిక్కిరిసిపోతుంది. రద్దీ పడనివాళ్లు ఆ రోజు ఈ దారి పట్టకపోవడమే మేలు. అయితే ఆ సంత చూడకుండా పెబ్బేరు చూశామనడం మాత్రం కుదరదు.

జూరాల సంగతి వేరు. దాని పంచాంగం మహాబలేశ్వరం కొండల మీద రాసి ఉంటుంది. అక్కడ వానలు పడాలి, ఆల్మట్టి నిండాలి, నారాయణపూర్ గేట్లు లేవాలి, అప్పుడు జూరాల వంతు. గేట్లెత్తిన తొలి ఆదివారం ఆనకట్ట మీద బండ్లు బారులు తీరతాయి, వేయించిన చేపల కోసం జనం ఎగబడతారు. ఈ దృశ్యం మళ్లీ దొరకదన్న కంగారే అందరినీ ఒకే రోజు లాక్కొస్తుంది. ఆ కంగారుకు కారణం లేదు. జూరాల చిన్న జలాశయం, పది టీఎంసీలు కూడా పట్టదు. కింద ఉన్న శ్రీశైలం రెండు వందల పైచిలుకు పడుతుంది. ఎగువ నుంచి వరద వస్తున్నంత కాలం జూరాల దాన్ని దాచుకోలేదు, వదలవలసిందే. అందుకే వానలు బాగా పడిన ఏడాది వారాల తరబడి గేట్లు తెరిచే ఉంటాయి. ఆదివారం ఎత్తిన గేటు మంగళవారానికి మూతపడుతుందేమోనన్న అనుమానం ఉంటే పేపర్లో రోజూ వచ్చే ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో లెక్క చూసుకుంటే చాలు. రైతులు అదే చూసుకుని నాట్లు వేస్తున్నారు. చూడటానికి వెళ్లేవాళ్లకూ ఆ పాటి ఓపిక ఉండాలి.

సోమశిల దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ శ్రీశైలం వెనుక నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఒక అందం, తగ్గినప్పుడు మరొకటి. వేసవిలో మట్టం బాగా దిగిన ఏడాది ఆవలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది, జనం పడవలెక్కుతారు. సోమశిలను కృష్ణ ఆవలి సిద్ధేశ్వరంతో కలుపుతూ 167కె రహదారి మీద తీగల వంతెన మంజూరైంది. అది పూర్తయ్యాక ఈ రేవు తీరు మారిపోతుంది. నిశ్శబ్దంగా చూడాలనుకునేవాళ్లు ఆలోపే చూసుకోవడం మంచిది.

ఇదంతా వారం మధ్యలో సెలవు దొరికేవాళ్ల మాట, కూలికీ కొలువుకీ పోయేవాడికి ఉన్నది ఆదివారమొక్కటే కదా అనవచ్చు. న్యాయమైన మాటే. వాళ్ల చేతిలో రోజు లేదు గాని వేళ ఉంది. హైదరాబాద్ కార్లు టిఫిన్ ముగించి, టోల్‌గేట్లు దాటి ఇక్కడికి చేరేసరికి పది దాటుతుంది. పెబ్బేరు, వనపర్తి, గద్వాల వాళ్లకు ఆ లోపు మూడు గంటల ఏరు మిగిలి ఉంటుంది. దగ్గర ఉన్నందుకు ఆ మాత్రం లాభం పొందకపోతే ఎలా? రద్దీ లేకపోతే చేపలు వేయించే వాళ్లూ, పడవ నడిపేవాళ్లూ ఏం తినాలని ఇంకొకరు అడగవచ్చు. ఆదివారం వందమందికి వడ్డించి బుధవారం ఈగలు తోలుకునే బేరం ఎవరికీ సుఖం కాదు. వారం మధ్యలో వచ్చే నలుగురూ వాళ్లకు ఎక్కువే. అందరూ ఈ మాట విని బుధవారమే వస్తే? రారు. వచ్చినా గురువారం ఉండనే ఉంది.

జాతరలో జనమే కదా అందం అనే వాదనకు మాత్రం నేను తల వంచుతాను. నల్లమలలో సలేశ్వరం దారి తెరిచేదే చైత్ర పౌర్ణమి వేళ కొద్ది రోజులు. అక్కడికి ఏకాంతం కోసం పోకూడదు, పోతే జాతర కోసమే పోవాలి. మిగతా కాలమంతా ఆ లోయ పులులదీ చెంచులదీ. అమ్రాబాద్ అడవిలో రాత్రి తొమ్మిది తర్వాత బండ్లు ఆపేస్తారు. వానకాలంలో సఫారీ ఉండదు. ఖాళీగా కనిపించిన ప్రతి చోటూ మన కోసం ఖాళీగా లేదు. ఏటి దగ్గరా అంతే. కృష్ణలో మొసళ్లున్నాయి, పైనుంచి వదిలిన నీళ్లు చెప్పి రావు. జనం లేని రోజున గట్టు మీద కూర్చోండి, నీళ్లలోకి దిగకండి. పిలిస్తే పలికే దూరంలో పుట్టి వేసే మనిషి ఒకడైనా ఉండేలా చూసుకోండి.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు పన్నెండు రోజులు జరిగాయి. రంగాపూర్, బీచుపల్లి మెట్లు ఆ పన్నెండు రోజులూ మనుషులతో నిండిపోయాయి. మళ్లీ పుష్కరాలు 2028లో. ఈలోగా ఏదో ఒక బుధవారం చూసుకుని పొద్దున్నే బయల్దేరండి.