మట్టి కరిగింది, మెరుపు కరగలేదు

వాట్సాప్‌లో వచ్చిన వీడియో నిడివి 14 సెకన్లు. నీలం రంగు బకెట్, అంచుదాకా నీళ్లు, లోపల అడుగెత్తు వినాయకుడు. నీళ్లలో మునిగినా కిరీటం తళతళా మెరుస్తూనే ఉంది. వెనక నుంచి అక్క గొంతు: "తమ్ముడూ, పొద్దుగాల ఏసినం. ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది. స్వామి అట్లనే కూసున్నడు. ఇది మట్టిదేనా అసలు?"

మట్టిదే. కుమ్మరి దగ్గర నుంచి నేనే మోసుకొచ్చా. కానీ ఆ మట్టి మీద ఏం పూశానో అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ బోర్లించి పెట్టి కాసేపు అలాగే కూర్చున్నా.

ఇది 2025 వినాయక చవితి సంగతి. ఆగస్టు 27న పండగ, మూడో రోజు వాళ్లింట్లో నిమజ్జనం.

ధూల్‌పేట్ చూడని వాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. పురానాపూల్, జుమ్మేరాత్ బజార్, మంగళ్‌హాట్ పక్కపక్కనే ఉండే ఇరుకు గల్లీలు. సంక్రాంతి దాకా పతంగులు, ఆ తర్వాత వినాయకులు. నిజాంల కాలంలో బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ లోధ్ కుటుంబాలవే కార్ఖానాలు ఎక్కువ. ఇంట్లో హిందీ, బేరానికి తెలుగు. వెదురు బొంగులు, కొబ్బరి పీచు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బస్తాలు, పైన టార్పాలిన్. వానాకాలం మొదలయ్యేసరికి స్ప్రే గన్‌ల కంప్రెసర్ చప్పుడులో పక్కవాడి మాట వినపడదు.

అలాంటి ఒక గోడౌన్‌లో రెండు సీజన్లుగా సాయంత్రాలు పని చేస్తున్నా. మొదటి సీజనంతా కుంచెలు కడగడమే. రెండో ఏడు ఉస్తాద్ నా చేతికి గ్లేజ్ ఇచ్చాడు.

గ్లేజ్ అంటే ఏమిటో చెప్తా, ఎందుకంటే నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైంది అదే. గోల్డ్ కలర్ వేసిన విగ్రహం కొత్తలో పెళ్లి స్టేజీ మీద డెకరేషన్ బొమ్మలా ఉంటుంది. ఎక్కడ చూసినా ఒకటే మెరుపు, లోతు కనపడదు. దాని మీద నీళ్లలా పల్చగా కలిపిన ముదురు గోధుమ రంగు కుంచెతో పూస్తాం. నగల సందుల్లో, తొండం ముడతల్లో, వేళ్ల మధ్యలో అది వెళ్లి నిలుస్తుంది. ఒక నిమిషం ఆగి, ఎత్తుగా ఉన్న చోట్ల పాత కాటన్ గుడ్డతో తుడిచేస్తాం. అంతే, బొమ్మకు ఒక్కసారిగా వందేళ్ల వయసొస్తుంది. కస్టమర్లు దీన్ని 'యాంటిక్ ఫినిష్' అంటారు. నిమిషం ముందు తుడిస్తే నీడ మొత్తం గుడ్డకే పోతుంది. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆరిపోయి మచ్చ పడుతుంది. "పుయ్యడం ఎవడైనా పూస్తడు బేటా, తియ్యడమే పని" అంటాడు ఉస్తాద్. నేను మొదట్లో తీసిన వినాయకులు కొందరు బొగ్గులోంచి లేచొచ్చినట్టు ఉండేవాళ్లు. వాళ్లను మళ్లీ గోల్డ్‌లో ముంచినంత పని చేసేవాడు.

ఎపాక్సీ మాత్రం ఉస్తాద్ నేర్పింది కాదు. అది నా సొంత తెలివి.

మా దగ్గర మెరుపు కావాలంటే వార్నిష్ కొడతారు. కానీ ఆ అక్క నాకో రీల్ చూపించింది. అందులో విగ్రహం గాజులో పోత పోసినట్టుంది. "ఇట్ల కావాలె. కానీ మట్టిదే కావాలె, మాకు పీవోపీ వద్దు." నాక్కూడా ఆ మెరుపు చూశాక మనసాగలేదు. బేగంబజార్ వెళ్లి క్లియర్ ఎపాక్సీ కొన్నా. రెండు డబ్బాలు, ఒకటి రెజిన్, ఒకటి హార్డెనర్. నేను కొన్నదానికి రెండు పాళ్లకు ఒక పాలు. కొలత కొంచెం తప్పినా అది జన్మలో గట్టిపడదు, జిగురుగా ఉండిపోతుంది. వార్నిష్‌లా గాలికి ఆరే సరుకు కాదిది. రెండూ కలిసి లోపల్లోపలే రసాయన చర్య జరిగి బిగుసుకుంటుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. ఈ ముక్క తెలియక మొదటిసారి టీ కప్పులో కలిపి, కప్పులోనే ఉంచి, తీరిగ్గా పూస్తూ కూర్చున్నా. పావుగంటలో కప్పు చెయ్యి కాలేంత వేడెక్కింది, కుంచె అందులోనే రాయిలా ఇరుక్కుపోయింది. ఆ తర్వాత నుంచి కలపగానే వెడల్పాటి ప్లేట్లో పోసుకుంటున్నా. పల్చగా పరుచుకుంటే వేడి బయటికి పోతుంది, ఇంకొంచెం టైమ్ దొరుకుతుంది.

గ్లవ్స్ సంగతి కూడా చెప్పాలి. మొదటి రెండు రోజులు వేసుకోలేదు, వేళ్ల సందుల్లో దద్దుర్లు లేచాయి. గట్టిపడని రెజిన్‌కు ఒంటికి ఒకసారి అలర్జీ మొదలైతే, తర్వాత ఎప్పుడు ముట్టుకున్నా తిరగబెట్టొచ్చు. రీల్స్‌లో ఖాళీ చేతులతో పూసేవాళ్లను చూసి నేర్చుకోకండి.

కుంచెతో పూయడంలో ఓపిక ఎంత కావాలంటే, ఒక కోటు వేశాక కింద కూర్చుని కాపలా కాయాలి. తొండం చివర, చెవి అంచున, బొజ్జ కింద బొట్టు జారి వేలాడుతుంది. కుంచె మొనతో దాన్ని పైకి లాగాలి, పది నిమిషాల తర్వాత మళ్లీ జారుతుంది, మళ్లీ లాగాలి. మందంగా ఒకేసారి కొట్టేద్దాం అనుకుంటే ఇంతే సంగతులు. రెండో కోటు మొదటిది పూర్తిగా గట్టిపడక ముందే పడాలి, వేలు పెడితే గుర్తు పడాలి కానీ అంటుకోకూడదు. ఆ సమయం దాటితే ఉప్పు కాగితంతో రుద్ది గరుకు చేయాల్సిందే, లేకపోతే పై పొర సరిగ్గా పట్టదు.

ఎడమ చెవి దగ్గర కుంచె వెంట్రుక ఒకటి ఊడి పడింది. చూశాను. తీయబోతే గీత పడుతుందని వదిలేశా.

రాత్రంతా వాన. పొద్దున వచ్చి చూస్తే వినాయకుడి మొహం పాలు పోసినట్టు తెల్లగా మసకబారింది, ముట్టుకుంటే మైనంలా జిడ్డు. గుండె ఆగినంత పనైంది. ఇది ఆగస్టులో హైదరాబాద్ గాలి చేసే పని. హార్డెనర్‌లోని అమైన్లు గాలిలో తేమతో, కార్బన్ డై ఆక్సైడ్‌తో కలిసి పైకి తేలి పొర కడతాయి. అదృష్టం ఏంటంటే అది నీళ్లకు పోతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే స్క్రబ్బర్. ఆరాక సన్న ఉప్పు కాగితం, దాని మీద ఇంకో కోటు. ఈసారి తలుపులు మూసి, పక్కన 200 వాట్ల బల్బు పెట్టి పడుకున్నా.

ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. మట్టి వినాయకుణ్ని నీళ్లతో, స్క్రబ్బర్‌తో రుద్ది కడిగాను. చుక్క నీరు లోపలికి పోలేదు, రంగు చెదరలేదు. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా! ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయా.

ఉస్తాద్ మాత్రం వచ్చి చుట్టూ తిరిగి చూసి ఒకటే అడిగాడు. "మస్తుంది. నీళ్లల్ల కరుగుతదా?"

"లోపల మట్టే కదా ఉస్తాద్."

ఇంకేం అనలేదు. అనొచ్చు, ఆయనకా హక్కుంది. ఏటా పండగ ముందు పీవోపీ వార్త వచ్చినప్పుడల్లా నన్నే ఫోన్‌లో చదివి వినిపించమంటాడు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో మార్గదర్శకాలు సవరించి పీవోపీ విగ్రహాలు వద్దంది. 2021 సెప్టెంబర్‌లో హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో పీవోపీ విగ్రహాల నిమజ్జనం కుదరదని చెప్పింది, సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి ఆఖరిసారి అని సడలింపు ఇచ్చింది. అవన్నీ చదివి నేను కొంచెం గొప్పగానే మొహం పెట్టేవాణ్ని, మనం మట్టి పార్టీ అన్నట్టు. "పదిహేనడుగుల మట్టి బొమ్మ ఈ గల్లీల వానకాలం ఎన్నడు ఆరాలె, ఎట్ల మొయ్యాలె?" అనేవాడు ఉస్తాద్. నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పటికీ లేదు. కానీ అవే మార్గదర్శకాల్లో ఆయిల్ పెయింట్లు, విషపు రసాయన రంగులు వాడొద్దని కూడా ఉంది. ఆ లైన్ నేనే చదివి నేనే దాటేశా. నా దృష్టంతా పీవోపీ అన్న పదం మీదే ఉండేది.

మర్నాడు అక్క వాళ్లింటికి వెళ్లా. మూడు అంతస్తులు ఎక్కుతుంటే తిట్లు రెడీగా ఉంటాయనుకున్నా. ఆమె తిట్టలేదు. వాళ్ల నానమ్మ మాత్రం గడప దగ్గరే ఆపి, "పోతా అన్న దేవుణ్ని పోనియ్యకపోతె ఎట్ల బిడ్డా?" అంది. దానికంటే తిట్టడమే నయం.

బకెట్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూశా. పీట అడుగున నేను ఎపాక్సీ పూయలేదు. నీళ్లు అక్కణ్నుంచి లోపలికి వెళ్లాయి. బకెట్ అడుగున బురద పేరుకుంది. చేతులు పెట్టి మెల్లగా పైకెత్తితే విగ్రహం బరువే లేదు. లోపలి మట్టి చాలావరకు జారిపోయింది. మిగిలింది పైపొర, గోల్డు, గ్లేజు, గాజు మెరుపు. గుడ్డు పెంకులా పల్చటి వినాయకుడు, చేతిలో ఒకవైపుకు వంగుతున్నాడు. ఎడమ చెవి దగ్గర ఆ వెంట్రుక అలాగే ఉంది.

బురద నీళ్లను అక్క తులసి కుండీలో పోసింది. పెంకును ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చెత్తబుట్టలో వేయడానికి నానమ్మ ఒప్పుకోదు, నాకూ చేతులు రావు. చెరువులో వేస్తే చెరువులో ప్లాస్టిక్ వేసినట్టే. పాత చీర ముక్కలో చుట్టి నాకిచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నా. ఉస్తాద్ దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. "పని మాత్రం సాఫ్ చేసినవ్ బేటా" అన్నాడు. అది మెచ్చుకోలో దెప్పుడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తర్వాత చాచీ, అంటే ఉస్తాద్ భార్య, తుమ్మ బంక సంగతి చెప్పింది. చేర్యాల బొమ్మలకు చింతగింజల అంబలి, చెట్ల బంక వాడతారని నేనూ చదివాను. బంకను రాత్రంతా నానబెట్టి, వడగట్టి, మట్టి పెంకుల మీద పరీక్షగా పూస్తున్నా. కింద గోల్డ్‌కు బదులు పసుపు, గ్లేజ్‌కు జాజు. నాలుగు కోట్లకు మెరుపు వస్తోంది. గాజు మెరుపు కాదు, నూనె రాసిన చెక్క మెరుపు. నీళ్లలో వేస్తే పూత ముందు జారుతోంది, వెనకే మట్టి.

అక్క నిన్న మెసేజ్ పెట్టింది. "వచ్చే ఏడు గూడ నువ్వే చెయ్యాలె. అట్లనే మెరవాలె. కానీ కరగాలె." కింద దండం పెట్టే ఎమోజీలు మూడు.

సరే అని పెట్టా. వాన పడ్డ రోజు ఈ బంక పూత ముట్టుకుంటే వేలికి అంటుకుంటోందని మాత్రం ఇంకా చెప్పలేదు. పెంకు వినాయకుడు గోడౌన్‌లో రంగు డబ్బాల పై అరలో ఉన్నాడు. దుమ్ము పడితే తడిగుడ్డతో తుడుస్తున్నా.