దిల్ ఘబ్రారా

మా ఇళ్ళల్లో డిప్రెషన్ అనే మాట లేదు. యాంగ్జయిటీ అసలే లేదు. ఉన్నది ఒక్కటే మాట: దిల్ ఘబ్రారా. ఈ గాబరా తెలుగులోకి వచ్చి ఎన్నేళ్ళయిందో, ఇప్పుడది పక్కింటివాళ్ళ మాట కూడా. మాట కలిసింది గానీ, దాన్ని చెప్పుకునే చోటు కలవలేదు.

ఇరవై రెండేళ్ళ పిల్లగాడు దిల్ ఘబ్రారా అంటే మేము మొదట చేయించేది ఈసీజీ. ఈసీజీ బాగానే ఉంటుంది. గల్లీ డాక్టరు బలానికి గోలీలు రాస్తాడు. నెల తిరక్కుండా మళ్ళీ అదే మాట. నజర్ తగిలిందని అమ్మీ ఎండుమిరపకాయలు దిగదుడుస్తుంది. ఆ తర్వాత ఆమిల్ సాబ్. జిన్నో, జాదూనో ఆయన తేలుస్తాడు. తావీజు కడతాడు, దమ్ చేసిన నీళ్ళిస్తాడు. ఈలోగా ఆరు నెలలు పోతాయి. పిల్లగాడు ఇంటర్వ్యూలకు పోవడం మానేస్తాడు. రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటాడు. అబ్బా దాన్ని బద్ధకం అంటాడు. అప్పుడు కూడా ఎర్రగడ్డ పేరు ఎవరూ ఎత్తరు. మాకు ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు కంటే ముందు ఒక తిట్టు.

ఆడపిల్లయితే మరీ కష్టం. సైకియాట్రిస్టు రాసిన చీటీ ఒక్కటి బయటపడితే చాలు, రిష్తా పోతుంది. ఆమెదే కాదు, చెల్లెళ్ళది కూడా. అందుకే ఆమెకు దర్గా ఒక్కటే తెరిచిన తలుపు. అక్కడ జాలీ పట్టుకుని గట్టిగా ఏడవొచ్చు. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు. ఆ చోటును మేము చులకన చెయ్యం. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగింది మరిచిపోవడానికీ లేదు. దర్గా చుట్టూ మొలిచిన ప్రైవేటు షెడ్లలో ఒకటి అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేక కాలిపోయారు. 28 మంది. మనసు చెదిరినవాళ్ళను గొలుసుతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. బస్తీల్లో ఈ సంగతి ఎంతమందికి చెప్పాం?

మనసు వైద్యం అంగ్రేజీవాళ్ళదని మా పెద్దల్లో ఒక నమ్మకం. బల్ఖ్ నుంచి వచ్చిన అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్ళ కిందట, 934లో చనిపోయాడు. ఒంటి ఆరోగ్యానికీ మనసు ఆరోగ్యానికీ కలిపి ఒకే గ్రంథం రాశాడు. కోపం, భయం, దుఃఖం, వస్వాసులను విడదీసి, ఒక్కోదానికి ఏం చెయ్యాలో చెప్పాడు. మందుల కంటే ముందు ఆలోచనతో ఆలోచనను ఎదుర్కోమన్నాడు. అమెరికాలో ఆరన్ బెక్ ఇలాంటి పద్ధతినే 1960ల్లో వైద్యంగా నిలబెట్టాడు. అల్ బల్ఖీ పేరు మా మదర్సాలో వినలేదు, మా డిగ్రీ కాలేజీలోనూ వినలేదు.

థెరపీ అంటే సలహాలివ్వడం అనుకుంటారు. సలహాలకు మాకేం కరువు? పుప్ఫూ ఇస్తుంది, పాన్ డబ్బా భాయీ ఇస్తాడు. థెరపీలో జరిగేది వేరు. 1990ల్లో కెనడా పరిశోధకులు ఒక సంగతి గమనించారు. విపరీతంగా ఆందోళనపడేవాళ్ళను చెడు జరగడం కంటే, ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఎక్కువ తినేస్తుందని. గల్ఫ్ వీసా కోసం ఎదురుచూసే మా పిల్లగాణ్ణి చూడండి. 'రాదు' అంటే ఏడ్చి, వెల్డింగ్ షాపులో చేరిపోతాడు. 'వస్తుందేమో' అన్నదే వాణ్ణి పడుకోనివ్వదు. ఏజెంటుకు రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తాడు. చేసినప్పుడల్లా ఒక గంట నెమ్మది, తర్వాత రెట్టింపు గాబరా. థెరపిస్టు ఆ ఫోన్ల దగ్గర మొదలుపెడుతుంది. రేపు ఒక్కసారే చెయ్యి అంటుంది. ఏమవుతుందని భయపడుతున్నావో ముందే కాగితం మీద రాయమంటుంది. వారం తర్వాత ఏమయిందో దాని పక్కనే రాయిస్తుంది. ఈ రోజు చెయ్యగలిగిన పని ఉన్న దిగులును ఒక వైపు, ఎవరి చేతిలోనూ లేనిదాన్ని ఇంకో వైపు పెట్టిస్తుంది. తెలియకుండా బతకడాన్ని చిన్న చిన్న మోతాదుల్లో అలవాటు చేయిస్తుంది.

ఇందులో మాకు పరాయిది ఏముంది? అనుమానం వచ్చినంత మాత్రాన చేసిన వుజూ చెడిపోదని ఫిఖ్ చెబుతూనే ఉంది. ఒంటెను కట్టెయ్యకుండా తవక్కుల్ అంటే కుదరదని ప్రతి జుమాకీ మౌల్వీ సాబ్ చెబుతూనే ఉంటాడు. ఇన్షా అల్లా అనే మాటలోనే, రేపు నా చేతిలో లేదన్న ఒప్పుకోలు ఉంది. కాకపోతే ఆ మాటను మేము అప్పు ఎగ్గొట్టడానికి ఎక్కువ వాడుతున్నాం.

ఇక అసలు పేచీ. భయానికి ఆధారం ఏమిటని థెరపిస్టు అడుగుతుంది. మంచి ప్రశ్నే. కానీ మా భయాలకు ఆధారాలున్నాయి. మాలో నలభై దాటినవాళ్ళం 1992 డిసెంబరులో బడి పిల్లలం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు ఇరవైల్లో ఉన్నాం. ఆ తర్వాత ఎత్తుకుపోయిన కుర్రాళ్ళది మా వయసే. వాళ్ళను కోర్టులు నిర్దోషులన్నాయి, కానీ పోయిన ఉద్యోగాలు, చదువులు కోర్టులు తిరిగి ఇవ్వలేదు. కోరుకున్న చోట ముస్లింలకు ఇల్లు దొరకడం కష్టమని 2006లోనే సచార్ కమిటీ రాసింది. పేరు చెప్పగానే టూ లెట్ బోర్డు వెనక్కి వెళ్ళడం ఆలోచనలో లోపం ఎట్లా అవుతుంది? దాన్ని పిల్లగాడి తలకాయలోని జబ్బుగా రాసేసే థెరపీ మాకొద్దు.

అట్లాగని, జబ్బంతా సమాజానిదే, పిల్లగాడికి ఏమీ లేదు అనే మా మీటింగుల మాట కూడా అబద్ధమే. వాడు మూడు నెలలుగా నిద్రపోవడం లేదు. సమాజం మారేదాకా మేలుకుని ఉండమందామా? మంచి థెరపిస్టు ఈ రెంటినీ విడదీస్తుంది. ఇల్లు ఇవ్వనన్నవాడు నిజం. 'కాబట్టి నన్ను ఎవరూ, ఎక్కడా, ఎప్పటికీ రానివ్వరు' అన్నది గాబరా రాసిన వాక్యం. మొదటిదానికి పోరాటం కావాలి, రెండోదానికి మందు.

ఆ విడదీసే పని ఏ భాషలో జరగాలి? ఎన్నో చోట్ల ప్రశ్నల కాగితం అంగ్రేజీలో ఉంటుంది. ఉర్దూ మీడియం పిల్ల అన్నిటికీ 'ఎస్' కొట్టి వస్తుంది. చికిత్సలో మతం వివక్ష ఉండకూడదని ఆ 2017 చట్టమే అంటోంది. దఖ్నీ మాట్లాడే కౌన్సెలర్లు ఎందరున్నారో మా ఎమ్మెల్యేలు ఒక్కసారి అడిగితే బాగుండు. షాదీఖానాలకు అడిగినట్టు.

2022 అక్టోబరులో టెలీ మానస్ వచ్చింది. 14416కు చేస్తే డబ్బులుండవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. రెండు గదుల ఇంట్లో ఏడుగురం ఉంటాం. అబ్బా దగ్గు వినబడేంత దూరంలో దిల్ ఘబ్రారా అని ఎట్లా చెప్పడం? అందుకే మా పిల్లలు పదకొండు దాటాక డాబా ఎక్కుతున్నారు. నీళ్ళ ట్యాంకు పక్కన, గొంతు తగ్గించి, సగం తెలుగు సగం దఖ్నీ.