మా వదిన పద్దు

కోలారు బంగారు గనుల పక్కన బ్యాంకు ఉద్యోగం చేసినవాళ్ళకు ఒక సంగతి తొందరగానే తెలిసిపోతుంది. ఇక్కడ మనిషి ఒకరే, పేర్లు మాత్రం రెండు మూడు. గని హాజరుపట్టీలో ఒక పేరు, బడి సర్టిఫికెట్టులో ఇంకొకటి, ఇంట్లో పిలిచేది మరొకటి. పుట్టిన తేదీ సంగతి సరేసరి, బడిలో చేర్చిన రోజున అయ్యవారికి ఏది తోస్తే అదే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక, జనం సంచుల్లో తెచ్చిన కాగితాలు ముందేసుకుని 'ఈ ముగ్గురూ ఒక్కరే' అని తేల్చడమే కొన్నాళ్ళు నా పనైపోయింది. బి.కాం.లో ఇది ఎవరూ నేర్పలేదు.

అందుకే మా ఇంట్లో కాగితాల పని ఏదొచ్చినా నా నెత్తినే పడుతుంది. 2022లో మా వదిన కూడా అలాగే ఒక పని అప్పగించింది. "ఏమప్పా, నాకు చర్చిలో సత్ప్రసాదం తీసుకోవాలని ఉంది. దానికి ఏం కాగితాలు కావాలో కనుక్కుంటావా?" అంది. అప్పటికి ఆమెకు 62 ఏళ్ళు. పేరు రాయను, రాస్తే ఊరుకోదు.

దూరాన ఉన్న పాఠకులకు కాస్త వెనకటి కథ చెప్పాలి. మా బంగారుపేట ఒకప్పుడు బౌరింగ్‌పేట, మైసూరు కమిషనరుగా చేసిన బౌరింగ్ దొర పేరు మీద. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనుల పని చేపట్టాక ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి మనవాళ్ళు కూలికి వచ్చారు. 1894లో మారికుప్పం దాకా రైలు పడింది. వచ్చినవాళ్ళంతా గని లైన్లలో ఒకరి గోడకు ఒకరు ఆనుకుని బతికారు. గంగమ్మ జాతరకైనా మాత పండుగకైనా లైనంతా కదిలేది. పెళ్ళిళ్ళు కూడా అక్కడక్కడ ఆ ఇరుకులోనే కుదిరిపోయేవి.

వదిన తల్లి ఛాంపియన్ రీఫ్ లైన్లలో పుట్టిన తమిళ కథోలిక పిల్ల. తండ్రి కుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చిన తెలుగు హిందువు, భూమి లోపలి పని. వాళ్ళిద్దరి పెళ్ళి ఎక్కడ, ఎలా జరిగిందో సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు. వదినకు మూడో ఏట తల్లి పోయింది. తండ్రి పిల్లను తెచ్చి బంగారుపేటలో తన తల్లి దగ్గర వదిలాడు. ఆ అవ్వ మనవరాలిని తిరుపతి తీసుకెళ్ళి, గుండు కొట్టించి, అలమేలు మంగమ్మ పేరు పెట్టుకుంది. బడిలోనూ అదే పేరు. 1981లో మా అన్నతో పెళ్ళి. మా ఇంటి ముందే పందిరి, పురోహితుడు, మంగళసూత్రం, తలంబ్రాలు. నాకప్పుడు పన్నెండేళ్ళు, వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లడం నా డ్యూటీ.

ఆమె కుంకుమ భరిణెలో చిన్న మరియమాత బిళ్ళ ఒకటి ఉండేది. మా అమ్మ ఒక్కసారే అడిగింది అదేమిటని. "మా అమ్మది" అంది వదిన. మా అమ్మ ఇంకేమీ అడగలేదు. ఏటా సెప్టెంబరు 8న, మాత పుట్టినరోజు పండుగకు, వదిన పక్కింటివాళ్ళతో చర్చికి వెళ్ళేది. అందరూ సత్ప్రసాదానికి వరుస కట్టినప్పుడు తను మాత్రం బెంచీ మీదే కూర్చుండిపోయేది. అలా నలభై ఏళ్ళు. అన్న ఏనాడూ వద్దనలేదు.

కోలారు జిల్లా కథోలికులు బెంగుళూరు అగ్రమేత్రాసనం కిందికి వస్తారు. మేము కలిసిన విచారణ గురువు నెమ్మదస్తుడు. ముందు, "అమ్మా, మీకు జ్ఞానస్నానం అయిందా?" అని అడిగారు. (మిగతా క్రైస్తవులు బాప్తిస్మం అనేదాన్నే కథోలికులు జ్ఞానస్నానం అంటారు.) "తెలీదు స్వామీ" అంది వదిన. "పెళ్ళయిందా?" "అయింది, నలభై ఒక్క ఏళ్ళు." "ఎక్కడ?" వదిన పందిరి సంగతి చెప్పింది. ఆయన రాస్తున్న కలం కింద పెట్టారు.

మామూలుగా పెద్దయ్యాక కథోలిక సంఘంలో చేరేవాళ్ళకు దారి సూటిగానే ఉంటుంది. 1972లో రోము వెలువరించిన క్రమం ప్రకారం కొన్ని నెలల బోధన, ఆపైన ఈస్టరు జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం మూడూ ఒక్కసారే. అయితే జ్ఞానస్నానం మనిషికి ఒక్కసారే. పసితనంలో అయిపోయిందంటే మళ్ళీ ఇవ్వకూడదు. ఎంత వెతికినా అనుమానం తీరకపోతేనే, 'ఇంతకు మునుపు కాకపోయి ఉంటే' అన్న షరతుతో ఇస్తారు. కాబట్టి ముందు తేలాల్సింది అది.

తేలితే ఏమవుతుందో ఫాదర్ గారు ఒక కాగితం మీద గీతలు గీసి చెప్పారు. జ్ఞానస్నానం కాలేదనుకుందాం. అప్పుడు 1981లో పెళ్ళాడినవాళ్ళు ఇద్దరూ హిందువులు, వాళ్ళ పద్ధతిలో జరిగిన పెళ్ళిని చర్చి పెళ్ళిగానే ఒప్పుకుంటుంది. ఇప్పుడు వదిన ఒక్కతే జ్ఞానస్నానం తీసుకున్నా ఆ పెళ్ళి అలాగే నిలుస్తుంది, మా అన్న మతం మారనక్కర్లేదు. పోనీ, ప్రొటెస్టెంటు సంఘంలో అయిందనుకుందాం. కోలారులో అమెరికా మెథడిస్టులు 1890 నుంచీ ఉన్నారు కనక అదీ ఆలోచించాల్సిందే. నీళ్ళతో, తండ్రి కుమార పవిత్రాత్మల పేరిట ఇచ్చిన ఆ బాప్తిస్మాన్ని కథోలికులు మన్నిస్తారు. పెళ్ళికీ ఇబ్బంది రాదు.

తిరకాసు అంతా మూడో గీత దగ్గరే. కథోలిక గుడిలో జ్ఞానస్నానం పొందిన బిడ్డ, ఆ తర్వాత ఎవరింట్లో ఎలా పెరిగినా సరే, గురువు ఎదుట ఇద్దరు సాక్షుల ముందు పెళ్ళాడాలి. హిందువును చేసుకోవాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. చర్చికి 1983లో కొత్త శాసనం వచ్చింది కానీ 1981 పెళ్ళికి చెల్లేది 1917 నాటి శాసనమే, డిపాజిట్ వేసిన నాటి వడ్డీ రేటు చెల్లినట్టు. ఆ లెక్కన మా పందిట్లో జరిగింది చర్చి పుస్తకాల్లో పెళ్ళి కాదు.

అంటే చూడండి. తల్లి తనను ఎత్తుకుని గుడికి తీసుకెళ్ళిందన్న రుజువు దొరికితే వదినకు పెళ్ళి చెదురుతుంది. దొరక్కపోతే పెళ్ళి పదిలం, తల్లి సంగతి మాత్రం ఎప్పటికీ తెలియదు. పద్దు దొరికినా నష్టమే, దొరక్కపోయినా నష్టమే అన్న ఖాతా నా సర్వీసులో నేను చూడలేదు.

అన్నకు ఈ మాట చెప్పడం నా వంతే అయింది. బెమెల్‌లో రిటైరైన మనిషి, కోపమొస్తే అరవడు, మాట మానేస్తాడు. "నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు మూడు నెలలు పథ్యం వండి పెట్టింది. ఇద్దరు పిల్లల్ని పెంచింది. అది పెళ్ళి కాకపోతే మరేమిటంట? వెతకొద్దు" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వదినే, అన్నం వడ్డిస్తూ, "మన పెళ్ళి మీద నాకే అనుమానమూ లేదండీ. మా అమ్మ సంగతి తెలుసుకోవాలని ఉంది, అంతే" అంది. అన్న చేయి కడుక్కుని నా దగ్గరికొచ్చి, "సరే, వెతుకు" అన్నాడు.

మారికుప్పంలో వదినకు ఒక పిన్నమ్మ ఉంది, తల్లికి చెల్లెలు. ఆమె తడుముకోకుండా చెప్పింది, తెల్ల గుడ్డలో చుట్టిన పాపను గుడి దాకా మోసింది తనేనని, పెద్దక్క జ్ఞానతల్లి అని. జ్ఞానస్నానం రుజువుకు నమ్మదగ్గ సాక్షి ఒక్కరు చాలని చర్చి శాసనమే చెబుతుంది, అయితే దానివల్ల ఇంకెవరికీ నష్టం రాకూడదు. ఇక్కడ ఒక కాపురానికి సంబంధించిన సంగతి ఉంది కనక పుస్తకం కూడా చూద్దామన్నారు ఫాదర్ గారు.

బడి సర్టిఫికెట్టు ప్రకారం వదిన 1960 జూన్ 1న పుట్టింది. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ చూశాం, లేదు. నాకు జూన్ 1 మీద మొదటినుంచీ నమ్మకం లేదు. బడులు తెరిచే నెలలో పుట్టినవాళ్ళు మా బ్యాంకు ఖాతాదారుల్లో లెక్కలేనంతమంది. 1959 కూడా చూద్దామని, పిల్ల పేరుతో కాక తల్లి పేరుతో వెతకమని అడిగాను. నవంబరులో దొరికింది. పాపకు మాత పేరే పెట్టారు. తండ్రి పేరు తమిళ పలుకుబడిలో రాసుంది. జ్ఞానతల్లి పేరు పిన్నమ్మ చెప్పిందే.

జ్ఞానస్నానాల పుస్తకంలో ప్రతి పద్దు పక్కన మార్జిను వదులుతారు. భద్రమైన అభ్యంగనం ఎప్పుడు, పెళ్ళి ఎప్పుడు, ఎవరితో, అన్నీ ఆ పద్దు పక్కనే చేరాలి. ఏ ఊళ్ళో జరిగినా కబురు ఇక్కడికి రావాలి. పై పద్దులకూ కింది పద్దులకూ పక్కన సన్నటి అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి. వదిన పద్దు పక్కన తెల్లగా ఉంది. ఆమె మార్జిను వైపు చూడలేదు. తల్లి పేరు మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. బయటికొచ్చాక, "అయితే నేను ఏడు నెలలు పెద్దదాన్నా?" అని నవ్వింది.

చుట్టాల్లో కొందరు ఇదంతా విని, ఇదేం చాదస్తం, ముసలితనంలో కాపురానికి వంకలు పెట్టే చట్టమా అన్నారు. నాకు మాత్రం కోపం రాలేదు. మూడేళ్ళ పిల్లను వదిలి పోయిన ఒక లైనింటి తల్లి చేసిన పనికి, అరవై ఏళ్ళ తర్వాత కూడా అంత బరువు ఇచ్చిన ఆఫీసు ఇంకొకటి నాకు తెలియదు.

అయితే బ్యాంకువాడి బుద్ధి ఊరుకోదు కదా, నా భయం సర్కారు చట్టం గురించి. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే, ఒక కథోలిక అబ్బాయికి హిందూ అమ్మాయితో 1996లో గుడిలో జరిగిన పెళ్ళి హిందూ వివాహ చట్టం కింద చెల్లదని తేల్చింది. ఆ చట్టం కింద ఇద్దరూ హిందువులై ఉండాలి. వదిన హిందువుగానే పెరిగింది, ఆమె సంగతి వేరు. అయినా రేపు నామినేషన్ల దగ్గర ఎవరూ వేలెత్తకూడదు. 1954 ప్రత్యేక వివాహ చట్టంలో, వేరే పద్ధతిలో ఎప్పుడో జరిగిన పెళ్ళిని కూడా తర్వాత నమోదు చేసుకునే వీలుంది. మతాంతర పెళ్ళిళ్ళున్న మన కుటుంబాలవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే మంచిది. దానికి ముప్పై రోజుల నోటీసు అతికిస్తారు. మా అన్న తన కాపురానికి ఎవరికైనా అభ్యంతరముందా అని అడుగుతున్న ఆ కాగితాన్ని చదవడానికి రెండుసార్లు వెళ్ళొచ్చాడు.

చర్చి వైపు రెండు దారులున్నాయి. అనుమతి తెచ్చుకుని, గురువు ముందు ఇద్దరూ మళ్ళీ పెళ్ళిమాట చెప్పడం ఒకటి. "రెండోసారి పెళ్ళికొడుకునయ్యేది లేదు" అన్నాడు అన్న. రెండోది, మేత్రాణులు ఆ పాత పెళ్ళినే మూలం నుంచి సరిచేయడం. దీనికి తంతు అక్కర్లేదు. కాగితం వచ్చిందంటే చర్చి దృష్టిలో 1981 నుంచీ పెళ్ళి ఉన్నట్టే. ఇద్దరి మనసులోనూ ఆనాటి సమ్మతి ఈనాటికీ ఉండాలి, అదే ముఖ్యం. వదిన తన విశ్వాసం నిలుపుకుంటానని, పిల్లల విషయంలో చేతనైనంత చేస్తానని మాటివ్వాలి. పిల్లలిద్దరూ ముప్పై దాటినవాళ్ళు కనక ఆ మాట దగ్గర ఫాదర్ గారు ఎక్కువసేపు ఆగలేదు.

అన్న సమ్మతి అడగడానికి ఆయనే ఇంటికి వచ్చారు. "ఈమెను భార్యగా ఇప్పటికీ ఒప్పుకుంటున్నారా?" అని అడిగారు. అన్న ఆయన్నీ వదిననీ మార్చి మార్చి చూసి, "ఇదేం ప్రశ్న స్వామీ! నా బీపీ మాత్రలు ఎక్కడున్నాయో ఈమెకు తప్ప నాకు కూడా తెలీదు" అన్నాడు. ఫాదర్ గారు 'అవును' అని రాసుకున్నారు.

కాగితం 2023 ఫిబ్రవరిలో వచ్చింది. జ్ఞానస్నానం అయిపోయింది కనక మిగిలినవి పాపసంకీర్తనం, భద్రమైన అభ్యంగనం, సత్ప్రసాదం. పాపసంకీర్తనానికి ఏం చెప్పాలో నోటుపుస్తకంలో రాసుకుని వెళ్ళింది, తీరా కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది. అరగంటకు బయటికొచ్చి, రాసుకోనివే ఎక్కువ గుర్తొచ్చాయంది. ఏప్రిల్ 8 రాత్రి ఈస్టరు జాగరణలో, ఇన్నేళ్ళూ తను కూర్చున్న వెనక బెంచీలో అన్నా నేనూ కూర్చున్నాం, ఆమె వరుసలో నిలబడింది. తిరిగొచ్చి మా పక్కన కూర్చున్నాక చాలాసేపు తల ఎత్తలేదు. అన్న జేబురుమాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆ తర్వాత నెలలో సర్టిఫికెట్టు నకలు కోసం ముగ్గురం మళ్ళీ వెళ్ళాం. మార్జినులో ఇప్పుడు రెండు వరుసలున్నాయి, నీలం సిరాతో. రెండో వరుసలో మా అన్న పేరు ఒక అక్షరం తప్పుగా పడింది. దిద్దించమంటావా అని అడిగాను.

"ఉండనీరా" అన్నాడు. "గనుల దగ్గర పుస్తకంలో పేరు సరిగ్గా ఉంటేనే ఎవరూ నమ్మరు."