లేనిది కలపకుండా



పోయిన నెల మన సంఘంలోని ఒక తండ్రి నా దగ్గరికి వచ్చి బాధపడ్డాడు. "అయ్యగారూ, మావోడు డిగ్రీ అయిపోయి ఇంట్లనే ఉంటుండు. రాత్రంతా కంప్యూటర్ ముంగట కూసుంటడు. మీరన్న జర చెప్పుండ్రి." ఆయన బొంబాయిలో, పూణెలో మట్టిపని చేసి కొడుకును చదివించిన మనిషి. పాలమూరు వలస బతుకు మనకు తెలియనిది కాదు. గట్టిగా మందలించాలనే ఆ ఇంటికి వెళ్లాను.

అబ్బాయి కంప్యూటర్‌లో బూడిదరంగు పట్టీలు కనిపించాయి. ఏంటివని అడిగితే, గురుగ్రహం అన్నాడు. జూనో అనే వ్యోమనౌక 2016 జులైలో ఆ గ్రహం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నిమిషానికి సుమారు రెండుసార్లు తన చుట్టూ తాను తిరుగుతూ సన్నని పట్టీలుగా ఫోటోలు తీస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో తీసినవి వేరువేరుగా వస్తాయి. ఒక్కొక్కటి చూస్తే నలుపు తెలుపే. నాసా వాటిని అందరికీ ఉచితంగా ఇస్తుంది. ఇష్టమున్నవాళ్లు ఆ పట్టీలను వరుసగా అతికి, వంకరలు సరిచేసి, మూడు రంగులనూ ఒకదానిమీద ఒకటి కలుపుతారు. నా కళ్లముందే ఆ బూడిద ముక్కల్లోంచి మేఘాల సుడులు తేలాయి.

"రంగులు నువ్వే వేస్తావా?" అన్నాను.

"లేదు అయ్యగారూ. ఉన్నదాన్నే పైకి తెస్త. రంగు పెంచితే పెంచిన అని రాస్త. లేనిది కలిపితే అది గురుగ్రహం కాదు, నా బొమ్మ అయితది."

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. 1979లో లిండా మొరాబిటో అనే ఇంజనీరు, వాయేజర్ 1 పంపిన ఫోటోలో ఒక మసక నక్షత్రం కోసం వెలుతురు పెంచి చూసింది. గురుగ్రహపు చందమామల్లో ఒకటైన అయో అంచున గొడుగులాంటి మబ్బు బయటపడింది. అది అగ్నిపర్వతం చిమ్మినది. భూమి బయట రగులుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడడం అదే మొదలు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి విన్న తండ్రి ఫోన్ తీశాడు. నాలుగేళ్ల కింద చనిపోయిన భార్యది అందులో ఒక్కటే ఫోటో. క్రిస్మస్ రాత్రి గుంపులో, చీకటి మూలన ఉంది. ఒక స్టూడియోలో బాగు చేయిస్తే నున్నటి ముఖం, కొత్త చీర, నవ్వు వచ్చాయి. "మంచిగనే ఉంది గని, మా ఆమె కాదు" అని దాన్ని గోడకు పెట్టలేదట.

అమ్మ ఫోటో ముట్టాలంటే కొడుక్కి ఇన్నాళ్లూ భయం. ఆ రాత్రి కూర్చున్నాడు. తెల్లారి చూస్తే అంతా గరుకుగానే ఉంది. సగం ముఖమే తెలుస్తోంది. కళ్లకింద అలసట, నుదుటి మీద చిన్న మచ్చ. తండ్రి చాలాసేపు చూశాడు. "గిదే. పని నుంచొచ్చి గిట్లనే చూస్తుండె" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఆమె భూస్థాపన రోజు నేను చెప్పిన మాటలు కూడా ఆ స్టూడియో ఫోటోలాంటివే. ఏ తల్లికైనా సరిపోయే మాటలు. ఆమె అలసట నేను చూడలేదు. ఆమె కొడుకు విషయంలోనూ అంతే. కళ్లతో చూడకముందే సోమరి అనే రంగు పూసి పెట్టుకున్నాను. దేవుడు మనుషులను ఉన్నది ఉన్నట్టు చూసి ప్రేమిస్తాడని ప్రతి ఆదివారం చెప్పేది నేనే.

ఫోటో ఇప్పుడు వాళ్ల గోడమీద ఉంది. అబ్బాయికి ఇంకా ఉద్యోగం రాలేదు. ఆయన కోసం ప్రార్థించండి. నా కోసం కూడా.