మిలటరీ మాధవరం

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చుట్టుపక్కల వాళ్ళు మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊరివాళ్ళు రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్ళారు. ఇప్పటికీ సైన్యంలో చేరుతూనే ఉన్నారు. వెళ్ళినవాళ్ళ పేరిట ఊళ్ళో స్మారకం ఉంది. పండగలకీ పబ్బాలకీ దండలు పడతాయి, ఆ లోటేం లేదు.

నా మనసు మాత్రం ఆ సైనికుల పాత ఇనప పెట్టెల చుట్టూ తిరుగుతుంది. మూత మీద తెల్ల రంగుతో పేరు, నంబరు. అదృష్టం బాగుంటే అడుగున బర్మా యుద్ధపు పతకం బర్మా స్టార్: ఆరు కోణాల నక్షత్రం, ముదురు నీలం రిబ్బను, నడుమ ఎర్ర చార. తళుకు తగ్గినా చార ఎర్రగానే ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో చేరిన 25 లక్షల మందీ ఇష్టపడే చేరారని పుస్తకాలు రాస్తాయి. గాదె ఖాళీ అయిన ఇంటి కుర్రాడి ఇష్టం ఏపాటిదో ఆ పుస్తకాలకేం తెలుసు! పైగా తుపాకీ పట్టినవాడి ఊసే ఎత్తుతాం. లారీ తోలినవాడు, వంట చేసినవాడు, కంచర గాడిదల్ని కొండెక్కించినవాడు యుద్ధంలో లేనట్టే.

బర్మాలో పోయి సమాధి కూడా దక్కనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో స్తంభాలపై చెక్కారు, సుమారు 27 వేలు. అక్కడిదాకా పోయి చదవగల తెలుగువాళ్ళు ఎందరు? ముందు ఆ పెట్టెలున్న ఇళ్ళ ముసలమ్మల్ని అడగాలి. మనియార్డరు ఆగిన నెలలో పొయ్యి ఎలా వెలిగిందో వాళ్ళత్తలు చెప్పే ఉంటారు.